సున్న లేని వస్తది

"అక్కా, నాయిన మిషిను స్టాండు తీస్కపోతవా, పాత ఇనుప సామాన్లోనికి ఎయ్యాల్నా?" అని మా తమ్ముడు సూర్యాపేట నుంచి ఫోన్ చేశాడు. వాడి తొందర చూస్తే సామాన్లవాడు అప్పటికే తక్కెడ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టుంది. "దాన్ని ముట్టుకున్నవో, నీ చేతులు ఇరగ్గొడత. నేనొచ్చేదాంక ఆగు" అని ఫోన్ పెట్టేసి మిర్యాలగూడలో బస్సెక్కాను. నాకు కోపం తొందరగా వస్తుంది. సంగీత దర్శకులకు అది ఉండకూడని గుణమంటారు. కోపం లేని సంగీత దర్శకులను కూడా చూశాను, వాళ్ళ పాటలూ విన్నాను, ఇంతకంటే ఏమీ అనను.

దుకాణం గదిని సెల్‌ఫోన్లు బాగుచేసే పిల్లవాడికి కిరాయికిచ్చాడట మా తమ్ముడు. సామానంతా వాకిట్లో పడి ఉంది. మిషిను పైభాగం ఏనాడో పోయింది, ఇనుప కాళ్ళూ, కింద తొక్కుడు పలకా మిగిలాయి. ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పులు విడిచి పలక మీద పాదాలు పెట్టాను. అంతే, అవి నన్ను అడగకుండానే తొక్కడం మొదలుపెట్టాయి. కిర్రు కిర్రుమని చప్పుడు. తమ్ముడి కోడలు వంటింట్లోంచి తొంగిచూసి "అత్తమ్మా, ఏం కుడుతున్నరు?" అని నవ్వింది. ఏం కుడుతున్నానో నాకు మాత్రం బాగానే తెలుసు.

ఆ ఇంట్లో ముందుగది నాయిన యేసోబు టైలర్ షాపు, వెనకగది మా నలుగురి సంసారం. తెల్లారగానే అమ్మ ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజేసి విసనకర్రతో విసిరేది. బొగ్గుల కమురు, గంజి కాలిన వాసన, మిషిను నూనె, విప్పని తానుల్లోంచి వచ్చే కొత్తబట్ట వాసన, వీటన్నిటినీ ఒక్కటిగా పీల్చి పెరిగాం. అన్నంలో నూలుపోగు రాని పూట లేదు. "దారం లేకుంటే మనకు బువ్వ దిగుతదా" అనేది అమ్మ, పోగు తీసి గోడకు అంటిస్తూ. ఆమె కాజాలు కుట్టేది, గుండీలు వేసేది, అంచులు మడిచేది, ఆ పని చేస్తూనే ఇంటినీ, నాయిననూ, వీధినీ తన నోటితో అదుపులో పెట్టేది. నా నోరు ఆమె నుంచే వచ్చింది. నాయినకు నోరు లేదు, రాగం ఉంది.

ఆయన మెడలో టేపు ఆదివారం గుడికి పోయినా ఉండేది. పాస్టరు అయ్యగారు కళ్ళు మూసి ప్రార్థన చేస్తుంటే మా నాయిన ఒక్కడే కళ్ళు తెరిచి ముందు వరుస వాళ్ళ భుజాలు చూపుతో కొలిచేవాడు. ఇంటికొచ్చాక "ఫలానాయన జబ్బలు తగ్గినయి, క్రిస్మసు అంగీ లూజయితది" అని బెంగపడేవాడు. ఆయన అసలు పిచ్చి నాటకం. చుట్టుపక్కల నాటక సమాజాలకు రాజుల అంగీలు, మంత్రుల పైకోట్లు కుట్టేవాడు. ముఖమల్ గుడ్డ, జరీ అంచు, చెమ్కీలు వచ్చాయంటే మా ఇంటికి పండుగే. మిషిను తొక్కుతూ పద్యం ఎత్తుకునేవాడు. కాలు ఆపితే రాగం తెగుతుందని ఆపేవాడు కాదు, రాగం ఎంత పొడవు సాగితే కుట్టూ అంత పొడవు సాగేది. ఒకసారి ఒక రాజుగారి అంగీ చేతులు అట్లాగే మోకాళ్ళ దాకా పోయాయి. "నాటకాలోళ్ళ బట్టలు కుట్టి కుట్టి ఈయినెకు నాటకం అంటుకున్నది, ఏ దవాఖానల సూపియ్యాలె" అని అమ్మ తల కొట్టుకునేది.

నేను హార్మోనియానికి చేతులతో రాలేదు, కాళ్ళతో వచ్చాను. మా గుడిలో కాళ్ళతో తొక్కే పెద్ద హార్మోనియం ఉండేది. వాయించేది అయ్యగారి భార్య, అందరం అమ్మగారు అనేవాళ్ళం. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. "రూతూ, నువ్వు కింద తొక్కు, నేను పైన వాయిస్త" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నాయిన లేనప్పుడు ఉత్త మిషిను తొక్కి తొక్కి తన్నులు తిన్న పాదాలు ఇవి. ఎంత పొడవు కీర్తనైనా గాలి ఎక్కడా తెగేది కాదు. అమ్మగారు ఆశ్చర్యపోయి, కొన్నాళ్ళకు మెట్లు కూడా నా చేతికిచ్చింది. "పాటకు ముందు గాలి కావాలె బిడ్డా, చేతి ఏళ్ళు ఎనకొస్తయి" అనేది. నేను డిగ్రీలో చేరేనాటికి ఆదివారం ఆరాధన నా చేతుల మీదే నడిచేది.

శేషగిరి మాస్టారు మా షాపుకు వచ్చింది ఆ రోజుల్లోనే. కోదాడలో తెలుగు మాస్టారు, సొంతంగా నాటకాలు రాసి ఆడించేవారు. ఖద్దరు చొక్కా, నున్నగా దువ్విన తల, పుస్తకం చదివినట్టు మాట. బట్టలు కుట్టించుకోను వచ్చి, తన హార్మోనిస్టు వేరే ఊరికి బదిలీ అయ్యాడని బాధపడుతుంటే, మా నాయిన సూది నోట్లోంచి తీసి "మా బిడ్డ ఉన్నది సారూ" అన్నాడు. మాస్టారు నన్ను కిందికీ మీదికీ చూశారు. "ఆడపిల్లా? హార్మోనియమా? స్టేజీ పక్కన కూర్చోవాలి, జనం చూస్తారు" అన్నారు. "సూస్తె సూడనియ్ సారూ, బట్టలు మంచిగనే ఉన్నయి గద" అని అమ్మ వెనకగదిలోంచి అరిచింది. ఆయనకు నవ్వు ఆగలేదు. అట్లా నేను నాటకాల్లోకి వచ్చాను.

ఆదివారం ఆరాధన అయిపోగానే నాయినా నేనూ బస్సెక్కి కోదాడ పోయేవాళ్ళం. ఒక బియ్యం మిల్లు గోదాములో రిహార్సల్. తవుడు వాసనలో, బస్తాలకు ఆనుకుని కూర్చుని పాడేవాళ్ళం, దుమ్ముకు గొంతులు గీరుకునేవి. తబలా వాయించే మస్తానన్న మిర్యాలగూడ నుంచి వచ్చేవాడు, నోట్లో పాన్, మాటలో వేళాకోళం. పాటలు పాడే ముఖ్య పాత్రకు సుగుణ టీచర్‌ను తీసుకున్నారు. ఆమెది హాలియా, ఉద్యోగం కోదాడలో. నాటకం పేరు 'కాలువ'. సాగర్ కాలువ చివరి ఊళ్ళో ఒక ముసలమ్మ రోజూ ఎండిన పిల్లకాలువ గట్టెక్కి నీళ్ళ కోసం ఎదురుచూస్తుంది. అంతే కథ. ఆ ప్రాంతంలో అది కథ కూడా కాదు, జనం రోజూ చేసే పనే. మాస్టారు బాగా రాశారు, ఆ మాట ఎవరి దగ్గరైనా చెప్తాను.

పాటకు బాణీ కట్టమని కాగితం నాకిచ్చారు. అప్పటిదాకా నన్ను హార్మోనియం పిల్ల అన్నారే తప్ప బాణీ అడగలేదు. ఇంటికొచ్చి, నాయిన మిషిను తొక్కుతుంటే ఆ నడక మీదే పాడుకుంటూ కట్టాను. వస్తది వస్తది కాలువ వస్తది, కొసమడి దాకా గలగల వస్తది. నాలుగు నాలుగు మాత్రల నడక, చంటిపిల్ల కూడా చప్పట్లు కొట్టగలదు. వచ్చే ఆదివారం పొంగిపోతూ పోయి వినిపించాను. సుగుణ టీచర్ కాగితం చూసి ఎత్తుకుంది. మొదటి మాటకే మస్తానన్న చెయ్యి తబలా మీద తడబడింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ తడబడింది. "మాస్టర్ సాబ్, ఇది నాలుగా ఐదా? జర చెప్పుండ్రి, పరేషాన్ అయితున్న" అన్నాడు.

అప్పుడు కాగితం చూశాను. అందులో ఉన్నది వస్తుంది. నేను ఇంట్లో మాట్లాడినట్టు వస్తది అని పాడుకుని బాణీ కట్టాను, నా కళ్ళు వస్తుంది అని చదివినా నా నోరు వస్తది అనే అంది. వస్తది అంటే నాలుగు మాత్రలు, వస్తుంది అంటే ఐదు. ఆ ఒక్క సున్న వచ్చి నా పాట కాలికి అడ్డం పడింది.

"వస్తది అనే పాడుదాం సార్" అన్నాను.

మాస్టారు నెమ్మదిగా కళ్ళద్దాలు తీశారు. "అమ్మాయ్, ఇది పోటీ నాటకం. వేదిక మీద భాష శుద్ధంగా ఉండాలి. జడ్జీలు మార్కులు కోసేస్తారు."

"మరి ముసలమ్మది ఏ ఊరు సార్?"

"ఏ ఊరైతే ఏంటి? ముసలమ్మ సంగతి నేను చూసుకుంటాను, బాణీ నువ్వు మార్చు. మారిస్తే మైకులో 'సంగీతం, రూతు' అని నేనే చెప్తాను. మార్చకపోతే నీ పేరు హార్మోనియం దగ్గరే ఆగిపోతుంది."

అబద్ధం ఎందుకు, నాకు నోరూరింది. సంగీతం అనే మాట పక్కన నా పేరు! మా పక్క ఊళ్ళలో ఏ ఆడపిల్ల పేరూ అక్కడ వినలేదు నేను. దారి పొడుగునా బస్సులో నాయిన నాకంటే ఎక్కువ కలలు కన్నాడు. చివ్వెంల దాటుతుంటే మెల్లగా "ఒక్క సున్న కోసం పేరు పోగొట్టుకుంటవా బిడ్డా? కుట్టు ఇప్పి మల్ల కుడితే ఏం పోతది?" అన్నాడు. పాపం, ఆయన ఆశ ఆయనది. నేను కిటికీలోంచి చూస్తూ ఐదు మాత్రల్లో పాడి చూసుకున్నాను. పాట వచ్చింది, బాగానే ఉంది కూడా. కాని అందులో ముసలమ్మ లేదు, కాలువా లేదు, మాస్టారొక్కరే ఉన్నారు.

ఇంటికొచ్చి అన్నం ముందు ఈ గొడవంతా చెప్పాం. అమ్మ గుండీ కుడుతూ విన్నది. దారం పళ్ళతో తెంపి, "నీళ్ళ కోసం ఎదురు సూసేటోళ్ళు వస్తది వస్తది అనుకుంటనే సూసిండ్రు. నీళ్ళకు మర్యాద చేసి వస్తుంది అంటే జల్ది వస్తయా? పాడితే గట్ల పాడుండ్రి, లేకుంటే మూసుకోని కూసోండ్రి" అంది. నాయిన అన్నం కలుపుకున్నాడు. నేను ఆ పూట కడుపునిండా తిన్నాను.

మరుసటి ఆదివారం మాస్టారితో చెప్పేశాను. "బాణీ మారదు సార్. నా పేరు హార్మోనియం దగ్గరే ఉండనియ్యండి." ఆయన ముఖం ఎర్రబడింది. "సరే, సుగుణా, నువ్వు వస్తుంది అనే పాడు, కొంచెం తొందరగా లాగెయ్" అన్నారు. ఐదు మాత్రలను నాలుగింట్లో కుక్కడమన్నమాట. బిగుతు రవికెలో చెయ్యి దూర్చినట్టు ఉండేది. ప్రతి రిహార్సల్‌లో వింటూ పళ్ళు కొరుక్కున్నాను.

ఆట రోజు కోదాడలో పొద్దుగూకకముందే మైదానం నిండింది. మఠంపల్లి వైపు నుంచి కూడా ట్రాక్టర్లలో జనం వచ్చారు, జంపఖానాలు చాలక తువ్వాళ్ళు పరచుకున్నారు. జడ్జీలు ముందు బల్ల దగ్గర. నేను స్టేజీ పక్కన, చెప్పులు విడిచి, తొక్కుడు హార్మోనియం ముందు. "ఆడపిల్ల ఆడపిల్ల" అని వెనకనుంచి గుసగుసలు. నా చెవులు మండుతున్నాయి, కాళ్ళు మాత్రం గాలి తోడుతూనే ఉన్నాయి. కళాకారుల పేర్లు మైకులో చదివారు. హార్మోనియం, కుమారి రూతు. జనంలో ఎక్కడో కూర్చున్న మా నాయినకు ఆ మాట ఎట్లా వినిపించిందో తలుచుకుంటూ మెట్ల మీదికి వంగాను.

సుగుణ టీచర్ ముసలమ్మ వేషంలో గట్టెక్కింది. వస్తుంది అని చెప్పినట్టే పాడింది. తబలా కుంటింది, జనం దగ్గారు, ఎవరో బీడీ ముట్టించారు. చరణమైంది. ఇక ముసలమ్మ వంగి ఎండిన కాలువకు చెవి ఆనించి నీళ్ళ చప్పుడు వినబడిందని భ్రమపడే చోటు. అక్కడ సుగుణ టీచర్‌కు నిజంగానే కన్నీళ్ళు వచ్చాయి. ఏడుస్తున్న మనిషికి ఏ కాగితం గుర్తుంటుంది? హాలియాలో పుట్టిన నోరు, పుట్టినట్టే తెరుచుకుంది. "వస్తది! వస్తది! కాలువ వస్తది!" మస్తానన్న చెయ్యి ధన్‌మని నాలుగు మీద పడింది. "యా అల్లా!" అన్నాడు, పైకే. నా కాళ్ళల్లో ఎంత గాలి ఉందో అంతా తోడాను. మైదానమంతా ఒక్కసారి లేచి "వన్స్ మోర్!" అని అరిచింది.

మా నాటకాల్లో వన్స్ మోర్ అంటే ఆజ్ఞ. చచ్చిపడిన రాజు కూడా లేచి, దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. సుగుణ టీచర్‌కు అప్పుడు తెలిసొచ్చింది తానేం పాడిందో. తెర చాటున నిలబడ్డ మాస్టారి వైపు బిత్తరగా చూసింది. ఆయన కదల్లేదు. నా వైపు చూసింది. నేను శబ్దం రాకుండా పెదాలతో అన్నాను, వస్తది. అనేశాక భయం వేసింది, మాస్టారు తెర దించేస్తారనుకున్నాను. దించలేదు. సుగుణ టీచర్ గట్టెక్కి మొదటినుంచి అందుకుంది, ప్రతి చోటా వస్తది. కొసమడి దాకా గలగల వస్తది. జనం నాలుగు మీద చప్పట్లు కొట్టారు, ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కూడా పాడారు. కాలువ చివరి ఊళ్ళ జనం అది. వాళ్ళ మాట వాళ్ళకు స్టేజీ మీద నుంచి వినబడింది.

ఆ రంగం అయ్యి తెర పడగానే మాస్టారు మైకు అందుకున్నారు. గొంతు సవరించుకున్నారు. "ఈ నాటకానికి సంగీతం..." అని ఆగారు. "సూర్యాపేట టైలరు యేసోబు గారి అమ్మాయి, రూతు." ఉత్తకాళ్ళతో స్టేజీ ఎక్కి దండం పెట్టాను. జనం మధ్యలో మెడలో టేపుతో ఒక మనిషి లేచి నాలుగు దిక్కులా తిరిగి తానూ దండాలు పెడుతున్నాడు. బాణీ ఆయనే కట్టినట్టు! కట్టాడులే, సగం.

మాస్టారు చెప్పినట్టే జడ్జీలు భాషకు మార్కులు కోశారు, ఉత్తమ ప్రదర్శన చేజారింది. ఉత్తమ సంగీతం మాత్రం నాకొచ్చింది. "నా ప్రైజు తినేశావమ్మాయ్" అన్నారు మాస్టారు. నవ్వుతున్నారో, నిజంగానే అంటున్నారో తెలియలేదు. ఆయన తర్వాతి నాటకానికి మాత్రం, కాగితం పంపకుండా తానే సూర్యాపేట వచ్చి, మా షాపు బల్ల మీద కూర్చుని పాట చదివి వినిపించారు.

ఆనాటి నుంచి నా పద్ధతి అదే. ఎంత పెద్ద రచయితైనా సరే, నాకు కాగితం వద్దు. మా ఇంటికి వచ్చి, అంగట్లో ఉల్లిగడ్డలు బేరమాడినట్టు ఆ మాట అనాలి. అన్నాకే బాణీ. ఎన్ని నాటకాలు చేశానో, ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎందరు మహానుభావులతో తగువు పెట్టుకున్నానో చెప్పుకుంటూ పోతే గొప్పలంటారు. అననియ్యండి, గొప్పలే. కోదాడలో ఎక్కడికి అనే మాట సూర్యాపేట వచ్చేసరికి యాడికి అవుతుంది. బస్సులో వస్తూ ఆ మాట ఎక్కడ మారుతుందో చెవిన పడితే, ఆ బస్సు స్టేజీ దగ్గర నా బాణీ కూడా మారేది. రాగాలు నేర్పిన గురువులు చాలామందే ఉన్నారు నాకు. ఇది మాత్రం ఆ బస్సు నేర్పింది.

కిందటి నెల మిర్యాలగూడలో కుర్రవాళ్ళు 'కాలువ' మళ్ళీ ఆడారు. దర్శకురాలు శ్రావ్య, నాకు మనవరాలి వయసు. సున్న గొడవంతా చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని "అమ్మా, ఇందుల లొల్లేమున్నది? అందరం వస్తదే అంటం గద" అంది. ఈ రోజు సినిమాల్లో పెద్ద పెద్ద హీరోలు మా మాట మాట్లాడి చప్పట్లు కొట్టించుకుంటున్నారు. సంతోషమే. కాని పోట్లాడి తెచ్చుకున్నది ఈ పిల్లకు ఊరికే దొరికిందని కొంచెం కడుపుమంట కూడా. ఉండనియ్యండి, ఊరికే దొరకాలనే కదా పోట్లాడింది! ఇప్పుడు తవుడు దుమ్ము లేదు, ఏసీ హాలు. తబలా కంప్యూటర్లోంచి వస్తుంది, మస్తానన్న లేడు, నాయినా అమ్మా లేరు. నా కీబోర్డుకు గాలి అక్కర్లేదు. అయినా దాన్ని సూర్యాపేట నుంచి తెచ్చుకున్న నాయిన మిషిను స్టాండు మీద బిగించుకుని కూర్చున్నాను, ఆట సాగినంతసేపూ నా పాదాలు ఉత్తినే తొక్కాయి.

పాట అయ్యింది. హాలంతా ఫోన్లు పైకెత్తి పట్టుకుంది. ఫోన్లు పట్టుకున్న చేతులు చప్పట్లు ఎట్లా కొడతాయి? నాకు కోపం వచ్చేలోపు ముందు వరుసలోంచి ఒక ముసలి గొంతు బొంగురుగా అరిచింది, "వన్స్ మోర్!" శేషగిరి మాస్టారు. తొంభైకి దగ్గరపడ్డారు, మనవడి కారులో కోదాడ నుంచి వచ్చారు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఆజ్ఞ అయ్యింది, పాడుండ్రి" అన్నాను. పాడారు. ఈసారి ఫోన్లు దిగాయి, చేతులు కలిశాయి, నాలుగు మీద.

వెళ్ళేటప్పుడు కారు దాకా చెయ్యి పట్టుకుని నడిపించాను. ఎక్కబోతూ ఆగి, "కోదాడ ఎప్పుడొస్తవ్ రూతూ?" అన్నారు. జీవితమంతా వస్తావ్ అన్న మనిషి. నాకు కళ్ళు నిండాయి. పెద్దాయన ముందు మర్యాదగా ఉండాలని, "తప్పకుండా వస్తాను మాస్టారూ" అన్నాను.

ఆయన చేతికర్రతో నేల మీద నాలుగు దెబ్బలు కొట్టి, తల అడ్డంగా ఊపారు.

"దీర్ఘం పెట్టి ఐదు చేశావమ్మాయ్. తాళం తప్పింది. మళ్ళీ చెప్పు."

"వస్తను మాస్టారూ."

"ఆఁ, గదీ!" అని కారెక్కారు.